బక్‌బ్రష్ పొద పక్కన బ్లూ ఓక్ మొలక: ఒక కొండవాలు డైరీ

ఎక్కడ, ఎందుకు

కాలిఫోర్నియాలో ఫాల్సమ్ దాటి హైవే 50 మీద ప్లాసర్‌విల్ వైపు వెళ్తుంటే రెండు పక్కలా గుండ్రటి కొండలు మొదలవుతాయి. సియెర్రా నెవాడా పర్వతాల పాదాలవి. వేసవంతా ఎండుగడ్డి, ఆ గడ్డి మధ్య దూరదూరంగా నీలం కలిసిన బూడిదరంగు ఆకుల చెట్లు. అవే బ్లూ ఓక్‌లు, శాస్త్రీయ నామం క్వెర్కస్ డగ్లసీ. కాలిఫోర్నియాలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సొంతంగా పెరగని చెట్టు. ఈ చుట్టుపక్కల తెలుగువాళ్లం కార్తీక వనభోజనాలకు కూర్చునేదీ వీటి నీడలోనే. దేని కింద కూర్చున్నామో చాలామందికి తెలియదు, అందుకే ఈ డైరీ తెలుగులో రాస్తున్నాను.

ఎల్ డొరాడో కౌంటీలో సుమారు 1,200 అడుగుల ఎత్తున ఒక పెద్దావిడ సొంత భూమి ఉంది. ఒకప్పుడు పశువులు మేసిన నేల. ఆవిడ అనుమతితో మేం కొంతమంది వాలంటీర్లం అక్కడ రెండు పనులు పెట్టుకున్నాం. ఆ వాలు మీద ఏ మొక్క దేని పక్కన పెరుగుతోందో రాసుకోవడం మొదటిది. కొత్త బ్లూ ఓక్ మొక్కలు బతికేలా చూడడం రెండోది.

రెండో పని ఎందుకో ఆ వాలు మీద పది నిమిషాలు నడిస్తే అర్థమవుతుంది. వంద, రెండొందల ఏళ్ల చెట్లు బోలెడు. వాటి కింద జానెడు మొలకలూ కనబడతాయి. నడుమెత్తు, మనిషెత్తు, రెండు నిలువుల ఎత్తు చెట్లు మాత్రం దాదాపు లేవు. ముసలివాళ్లూ పసిపిల్లలూ తప్ప పడుచువాళ్లు లేని ఊరిలా ఉంటుంది. ఇది ఈ ఒక్క కొండ సంగతి కాదు. రాష్ట్రంలో చాలాచోట్ల బ్లూ ఓక్ పరిస్థితి ఇదేనని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా వాళ్లు రాష్ట్ర శాఖలతో కలిసి 1986లో ఓక్ అడవుల కోసం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే పెట్టారు. యూబా కౌంటీ బ్రౌన్స్ వ్యాలీలో వాళ్ల పరిశోధన కేంద్రం ఉంది. ఓక్ కాయ ఎప్పుడు ఏరాలి, ఎంత లోతున నాటాలి, చుట్టూ ఎంత మేర గడ్డి తీయాలి అన్నవి వాళ్లు ఏళ్ల తరబడి నాటి చూసి తేల్చినవే. మేం ఆ పద్ధతే పట్టుకున్నాం.

అక్టోబరు, కాయలు

బ్లూ ఓక్ కాయ పువ్వు పూసిన ఏడాదే పండుతుంది. పక్కనే పెరిగే ఇంటీరియర్ లైవ్ ఓక్ కాయకి రెండేళ్లు పడుతుంది. అందుకని ఒకే వాలు మీద రెండు జాతుల కాపు ఒకే ఏడాది బాగుండాలని లేదు. ఈసారి బ్లూ ఓక్ విరగకాసింది. ఈ చెట్లు కొన్నేళ్లు పిసరంత కాసి, ఒక ఏడాది అన్నీ కలిసికట్టుగా కాస్తాయి.

కాయల్ని నేల మీంచి కాకుండా వీలైనంతవరకు కొమ్మల మీంచే కోశాం. నేల మీద ఎండలో పడున్న కాయ ఎండిపోతుంది, ఎండితే చచ్చిపోయినట్టే. టోపీ వేలితో తాకగానే ఊడి వచ్చేస్తే కాయ పండిందని లెక్క. ఇంటికి తెచ్చి బకెట్ నీళ్లలో పోశాం. తేలినవి పక్కకి తీసేశాం. తేలినవాటిలో ఒకదాన్ని చాకుతో కోస్తే లోపల పప్పు సగం గోధుమరంగు పిండి అయిపోయి, దాని నడుమ కాళ్లు లేని తెల్లటి పురుగు ఒకటి ముడుచుకుని ఉంది. వీవిల్ అనే ముక్కుపురుగు పిల్ల అది. కాయ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడే తల్లి పొడుగాటి ముక్కుతో పైతొక్కకి బెజ్జం చేసి గుడ్డు పెడుతుంది. పిల్ల లోపలే తిని పెరిగి, కాయ రాలాక గుండ్రటి కన్నం చేసుకుని బయటికొచ్చి మట్టిలోకి దిగుతుంది. కన్నమున్న కాయలు ఏరితే శ్రమ దండగ.

మంచి కాయల్ని పైపైన ఆరబెట్టి, ప్లాస్టిక్ సంచుల్లో వేసి ఫ్రిజ్‌లో పెట్టాం. అక్కడ కూడా ఊరుకోవు. చల్లదనంలోనే కొన్నిటికి మొనదగ్గర తెల్లటి వేరు తొంగిచూస్తోంది.

నవంబరు, టేపు పరిచాం

మొదటి గట్టి వాన పడింది. ఇక్కడ వానాకాలం నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, మిగతా నెలల్లో వాన దాదాపు ఉండదు. మొక్కలన్నీ ఈ లెక్కకు అలవాటుపడ్డవే.

కొలత పద్ధతి తేలిక. 50 మీటర్ల టేపు వాలుకి అడ్డంగా పరుస్తాం. అర మీటరుకోసారి సన్నటి కడ్డీ నిలువుగా దించి, దానికి తగిలిన ప్రతి మొక్క పేరూ రాస్తాం. పైన కొమ్మ తగిలితే అదీ రాయాలి. టేపు పొడుగునా వంద చోట్ల దించుతాం కాబట్టి ఏ మొక్క ఎన్నిచోట్ల తగిలిందో అదే దాని శాతం.

దక్షిణం వైపు తిరిగిన వాలు ముందు చేశాం. ఎర్రమట్టి, పల్చన. దాని కిందనుంచి ఆంఫిబొలైట్ షిస్ట్ రాళ్లు నిలువు పలకల్లా పొడుచుకొచ్చి ఉంటాయి. ఇక్కడ బ్లూ ఓక్‌లు దూరదూరంగా ఉన్నాయి, వాటి మధ్య గ్రే పైన్‌లు. గ్రే పైన్ కింద నిలబడ్డా నీడ ఉండదు, సూదులు అంత పల్చన. దాని కాయ మాత్రం అరకిలో పైమాటే, నెత్తిన పడితే ఆసుపత్రే. పొదల్లో ఎక్కువ బక్‌బ్రష్, అంటే సియనోథస్ క్యునియేటస్. గట్టి బిరుసు కొమ్మలు, మందపాటి చిన్న ఆకులు. దాని వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకి అందిస్తుంది. పక్కన తెల్లాకు మంజనీటా, రాళ్లు ఎక్కువైన చోట చమీస్ అనే పొద. మిగిలినదంతా గడ్డి.

ఉత్తరం వైపుకి దాటితే వేరే అడవి. దూరం ఎంతో లేదు, శిఖరం మీంచి అటు దిగడమే. ఇంటీరియర్ లైవ్ ఓక్ గుబురుగా, ఏడాది పొడుగునా పచ్చగా ఉంది. టోయన్ పొదల నిండా కాయలు ఎరుపెక్కుతున్నాయి. బక్‌ఐ చెట్లు ఆకులేమీ లేకుండా, బేరిపండంత కాయలు మాత్రం వేలాడేసుకుని ఉన్నాయి. ఆ చెట్టు ఎండాకాలం మధ్యలోనే ఆకు రాల్చేస్తుంది, తడి లేని రోజుల్ని నిద్రలో గడిపేస్తుంది. నాచు పట్టిన రాళ్ల సందుల్లో గోల్డ్‌బ్యాక్ ఫెర్న్ కనిపించింది. చెయ్యంత కూడా లేని త్రికోణపు ఆకు. తిప్పి నల్ల జీన్స్ ప్యాంటు మీద నొక్కితే ఆకు వెనకనున్న పొడి దిగి, ఆకారం మొత్తం ఈనెలతో సహా అచ్చుపడింది. మాతో వచ్చిన పిల్లలు ఆ తర్వాత అరగంట ప్యాంట్ల మీద ఫెర్న్ ముద్రలు వేసుకుంటూనే ఉన్నారు.

ఈ వైపే పాయిజన్ ఓక్ ఎక్కువ. ఇది ఓక్ కాదు, ఆకు అలా కనిపిస్తుందని ఆ పేరు. మామిడి, జీడిమామిడి కుటుంబం. మామిడి సొన తగిలి మూతి పొక్కినవాళ్లకీ, చాకలి గుర్తు పెట్టే నల్లజీడి రసం ఒంటి మీద పడ్డవాళ్లకీ ఆ మంట ఎలా ఉంటుందో తెలుసు. ఇందులోని ఉరుషియోల్ కూడా అదే తరహా జిడ్డు రసం. శీతాకాలంలో ఆకులు రాలిపోయి ఉత్త పుల్లల్లా ఉన్నా కాండంలో రసం ఉంటుంది. కొత్తగా వచ్చేవాళ్లకి నేను మొదట చూపించేది ఈ మొక్కనే.

వాగు పక్కన చదునుబండ మీద గుండ్రటి గుంటలు ఉన్నాయి. ఓక్ కాయల పప్పు దంచుకున్న రోళ్లు. ఈ కొండలు ఇక్కడి మూలవాసులైన నిసెనాన్ ప్రజలవి. కాయల్ని దంచి, పిండిలోని వగరు పోయేదాకా నీళ్లు మార్చి మార్చి కడిగి వండుకునేవారు, వాళ్ల ప్రధాన ఆహారమే అది. 1848లో ఇక్కడికి దగ్గరే కొలోమాలో బంగారం దొరికాక వచ్చిపడిన జనం వాళ్ల బతుకుని ఛిన్నాభిన్నం చేశారు. వాళ్ల వారసులు ఇప్పటికీ ఈ ప్రాంతంలో ఉన్నారు. ఆ బండ ఎక్కడుందో మ్యాపులో పెట్టకూడదని మేం అందరం అనుకున్నాం.

డిసెంబరు, నాటాం

తడి అడుగు లోతుకు దిగింది. గడ్డపారతో నేల వదులు చేసి, కాయని పక్కకి పడుకోబెట్టి, పైన అంగుళం మట్టి కప్పాం. వేరు ఇప్పటికే వచ్చినవాటిని వేరు కిందికి ఉండేలా పెట్టాం.

మూడు రకాలుగా నాటాం. కొన్ని ఆరుబయట గడ్డిలోనే, గడ్డి తీయకుండా. కొన్ని ఆరుబయటే, కానీ చుట్టూ నాలుగడుగుల వెడల్పు గుండ్రంగా గడ్డి మొత్తం చెక్కేసి, పైన చెక్కపొట్టు పరిచి. మూడో రకం బక్‌బ్రష్ పొదకి ఉత్తరం పక్కన, కొమ్మల అంచు కింద, గడ్డి ముట్టుకోకుండా. గోఫర్లు, వోల్ ఎలుకలు, మిడతలు అన్నిటినీ ఒకేలా ఆపాలి కాబట్టి మూడు రకాలకీ కిటికీలకి వేసే అల్యూమినియం జాలీతో గొట్టాలు చేసి, కిందా పైనా మూసి పెట్టాం. ఈ జాలీ లేకుండా నాటితే ఎవరి కడుపులోకో పోతాయి, మాకేమీ తెలియదు.

పొద పక్కన నాటడం నా పట్టుదల. అక్టోబరులో వాలంతా తిరుగుతూ, సొంతంగా మొలిచి మోకాలెత్తు దాటిన బ్లూ ఓక్‌లు ఎక్కడున్నాయా అని వెతికాను. దొరికిన ఆ కాసినీ పొదల్లోనో, పొదల అంచునో దొరికాయి. స్క్రబ్ జే పక్షి కాయల్ని ఒక్కొక్కటే తీసుకెళ్లి మట్టిలో దాస్తుంది, కొన్నిటిని మళ్లీ తవ్వుకోదు. పొద పక్కన పడ్డ కాయకి మధ్యాహ్నపు ఎండ తగ్గుతుంది, గడ్డి పోటీ పల్చనవుతుంది, జింకలకీ పశువులకీ నోరందదు. పొదలు ఓక్ మొలకల్ని కాపాడతాయని పరిశోధకులు కాలిఫోర్నియాలో నాటి చూపించారు కూడా. మా కొండ మీద అది ఎంతవరకు నిజమో చూడాలి. పొద కింద ఎలుకలకీ చోటుంటుంది, పొద వేళ్లు కూడా నీళ్లు తాగుతాయి, అది మరచిపోకూడదు.

ఫిబ్రవరి

కొండ మీద ఇంకా చలి. మంజనీటా అప్పుడే పూసింది, బోర్లించిన చిన్న కుండల్లాంటి లేత గులాబీ పూలు. అన్నాస్ హమ్మింగ్‌బర్డ్ ఒకటి ఆ పొద వదలడం లేదు.

నాటిన చోట పైన ఏమీ కనిపించలేదు. పరీక్ష కోసమని అదనంగా నాటిన ఒక కాయని తవ్వి చూశాం. చిగురు ఊసే లేదు, వేరు మాత్రం జానెడు దాటి ఎర్రమట్టిలోకి నిట్టనిలువుగా దిగిపోయింది. కొన తెగకుండా తీయడం మా వల్ల కాలేదు. ఆకు రాకముందే నీళ్ల దారి చూసుకుంటుంది ఈ చెట్టు. నర్సరీ కుండీలో పెంచి నాటడం కంటే కాయనే నేరుగా నాటడం నాకు నచ్చడానికి కారణం ఇదే, కుండీలో ఆ వేరు చుట్టలు చుట్టుకుపోతుంది.

మార్చి

నాన్న కడప నుంచి వచ్చారు. ఆయనకి మెట్ట సేద్యం తెలుసు, కొండలు తెలుసు. టేపు ఒక కొస పట్టుకోమంటే సంతోషంగా పట్టుకున్నారు.

బ్లూ ఓక్‌లు చిగురించాయి. లేతాకు ఎర్రగా, మెత్తగా వచ్చి నెమ్మదిగా ఆకుపచ్చకి, తర్వాత నీలానికి తిరుగుతుంది. గడ్డి మోకాళ్ల దాకా లేచింది. కడ్డీ దించిన చోట్లలో సగానికి పైగా వైల్డ్ ఓట్స్, రిప్‌గట్ బ్రోమ్, సాఫ్ట్ చెస్. ఇవేవీ ఈ నేలవి కావు, మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చినవి. 1769లో శాన్ డియేగోలో మొదటి స్పానిష్ క్రైస్తవ మిషన్ మొదలైన దగ్గర్నుంచి పశువులతో, ధాన్యంతో, మేతతో వచ్చిపడ్డాయి. ఫిలరీ అనే చిన్న మొక్క గింజలు ఆ పాత మిషన్ల మట్టి ఇటుకల్లోనే దొరికాయి. దాని గింజకి తోకలా మెలిపడిన ఈనె ఒకటి ఉంటుంది. తడి తగిలితే మెలి విప్పుకుంటుంది, ఆరితే మళ్లీ చుట్టుకుంటుంది. అరచేతిలో పెట్టి ఒక చుక్క నీళ్లు వేస్తే కళ్లముందే తిరిగింది. అలా మెలి పడుతూ విడుతూ తనంతట తానే మట్టిలోకి దిగుతుంది. నా సాక్సుల్లోకి కూడా దిగింది.

సొంత గడ్డి పర్పుల్ నీడిల్‌గ్రాస్ అక్కడక్కడా దుబ్బులుగా మిగిలింది. ఏళ్ల తరబడి బతికే గడ్డి, వేళ్లు లోతు. 2004 నుంచి ఇది కాలిఫోర్నియా రాష్ట్ర గడ్డి. దాని దుబ్బుల మధ్య ఖాళీ నేల కనబడుతుంది, ఆ ఖాళీలో బ్లూ డిక్స్, పాపీలు, లూపిన్‌లు పూస్తాయి. వైల్డ్ ఓట్స్ ఉన్నచోట ఖాళీ అన్నదే లేదు. ఆ బయటి గడ్డి అంతా ఒక్క ఏడాదే బతికేది, వేళ్లు పైపైనే, కానీ మార్చి ఏప్రిల్ నెలల్లో పై అడుగు మట్టిలోని తడిని పూర్తిగా పీల్చేసి మే నెలకి తాను ఎండిపోతుంది. ఓక్ మొలకకి ఆ పైన ఐదారు నెలలు చుక్క వాన లేదు.

మా మొలకలు కనిపించడం మొదలైంది. గడ్డిలో ఉన్నవాటిని చూసి నాన్న అన్నారు, "ఇట్లా గడ్డిలో ఇడిస్తే యాడ బతుకుతాయి తల్లీ, కలుపు తీయకుండా చేను ఏసినట్టు." ఇది పరీక్ష నాన్నా, తెలిసే వదిలేశాం అంటే ఒప్పుకున్నారు గానీ, వెళ్లేలోపు ఒకసారి చెయ్యి ఆపుకోలేక ఒక దాని చుట్టూ గడ్డి పీకబోయారు. ఆపాను. అయిష్టంగానే వదిలేశారు.

సోప్‌రూట్ గడ్డ ఒకటి తవ్వి చూపించాను, పైన కొబ్బరిపీచు లాంటి గోధుమరంగు పీచు. నిసెనాన్‌లు ఆ పీచుతో కుంచెలు కట్టేవారు, గడ్డతో తలంటుకునేవారు. నలిపితే నురగ వచ్చింది. కుంకుడుకాయలో ఉన్నట్టే ఇందులోనూ సపోనిన్లు.

ఏప్రిల్, పొదల గొడవ

అగ్గి సీజన్‌కి ముందు అందరూ తుప్పలు కొట్టిస్తారు. కాలిఫోర్నియా చట్టం ప్రకారం ఇలాంటి చోట ఇంటి చుట్టూ 100 అడుగుల మేర మంట పాకకుండా శుభ్రంగా ఉంచాలి. అది ప్రాణాలు కాపాడే చట్టం, దాని మీద నాకు పేచీ లేదు. పెద్దావిడ ఇంటి చుట్టూ ఎండుకొమ్మలు లాగడానికి మేమే వెళ్లాం.

వచ్చిన చిక్కు ఏమిటంటే, కాంట్రాక్టర్ ఒకరు వాలు మొత్తం ఒకే ధరకి చదును చేసేస్తానన్నాడు. ఇంటికి ఎంతో దూరంగా ఉన్న బక్‌బ్రష్, మంజనీటా అన్నీ పోతాయి, పెద్ద ఓక్‌లు మాత్రం మిగులుతాయి, పార్కులా అందంగా ఉంటుంది అన్నాడు. పెద్దావిడకీ అది బాగానే అనిపించింది. అప్పుడు నోట్‌బుక్ తీసి చూపించాం. మోకాలెత్తు దాటిన ఓక్‌లు ఎక్కడెక్కడ ఉన్నాయో, ప్రతిదాని పక్కన ఏ పొద ఉందో రాసుకున్న పేజీలు అవి. ఆ పొదలు తీసేస్తే వందేళ్ల తర్వాత ఈ కొండ మీద చెట్టు ఉండదు అని చెప్పాను. ఆవిడ కాసేపు ఆ పేజీలు తిప్పి, వంద అడుగుల లోపల కొట్టండి, దాటితే ముట్టుకోవద్దు అని కాంట్రాక్టర్‌కి చెప్పింది. పొదలకీ పొదలకీ మధ్య ఖాళీలు మాత్రం పెడదామంది, దానికి మేమూ సరేనన్నాం. మంట ఒక పొద నుంచి ఇంకోదానికి, అక్కణ్నుంచి చెట్టుకి ఎక్కకూడదు కదా.

నాన్న ఇదంతా విని లంకమల సంగతి ఎత్తారు. కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర తుప్పల్లో 1986లో కలివికోడి మళ్లీ కనిపించిన కథ. అప్పటికి ఆ పక్షి అంతరించిపోయిందనే అనుకునేవారు. అది అడవి మధ్యలో ఉండదు, పల్చటి ముళ్లపొదల మధ్య ఖాళీ నేలలోనే తిరుగుతుంది. దాని చోటు పోకూడదని తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. "కంపచెట్లని అందరూ తీసిపారేసే నేలే గదా అది" అన్నారు. పొదల గురించి నేను చెప్పాలనుకున్నదాన్ని ఆయన మా ఊరి భాషలో చెప్పేశారు.

జూన్

గడ్డి ఎండింది. బక్‌ఐ పూసింది, తెల్లటి పొడవాటి గెలలు, గాలంతా వాసన. దాని మకరందం ఐరోపా తేనెటీగలకి విషం, ఇక్కడి సొంత తుమ్మెదలు, సీతాకోకచిలుకలు మాత్రం హాయిగా తాగుతాయి.

కామెరాన్ పార్క్ దగ్గర పైన్ హిల్ ప్రాంతానికి వెళ్లొచ్చాం. మా కొండకి దగ్గరే, నేల మాత్రం గాబ్రో రాతి నుంచి వచ్చిన ఎర్రనేల. ఐరన్, మెగ్నీషియం ఎక్కువ. ఆ నేల మీద చపరాల్ అని పిలిచే దట్టమైన బిరుసు పొదల్లో పైన్ హిల్ ఫ్లానెల్‌బుష్, స్టెబిన్స్ మార్నింగ్ గ్లోరీ, పైన్ హిల్ సియనోథస్ లాంటి అరుదైన మొక్కలు ఉన్నాయి. అక్కడి ఐదు మొక్కల్ని 1996లో ఫెడరల్ ప్రభుత్వం ఆపదలో ఉన్న జాతుల జాబితాలో చేర్చింది. చుట్టూ ఇళ్లు వచ్చేశాయి, మిగిలిన ముక్కల్ని ప్రిజర్వ్‌గా కాపాడుతున్నారు. రాయి మారితే పొద మారుతుందని పుస్తకంలో చదవడం వేరు, కారులో కొద్ది నిమిషాలు వెళ్లి కళ్లతో చూడడం వేరు.

ఆగస్టు

మధ్యాహ్నం 40 డిగ్రీలు. తెల్లవారుజామునే వెళ్తున్నాం. పెద్ద బ్లూ ఓక్‌లలో కొన్ని అప్పుడే ఆకులు రాల్చేస్తున్నాయి. ఎండ మరీ ఎక్కువైన ఏడాది ఈ చెట్టు శీతాకాలం దాకా ఆగదు. కొత్తవాళ్లు చూసి చచ్చిపోయిందని అనుకుంటారు. ఆకుల వెనక గులాబీరంగు ముళ్ల ఉండలు కనిపించాయి, వీటిని అర్చిన్ గాల్ అంటారు, ఒక రకం కందిరీగ పిల్లల ఇళ్లు. సముద్రంలో ముళ్లజీవిని చిన్నది చేసి అతికించినట్టే ఉంటాయి, చెట్టుకి వాటివల్ల పెద్ద నష్టం లేదు.

మొలకల సంగతి. గడ్డిలో ముట్టుకోకుండా వదిలినవాటిలో చాలా మటుకు మే నెలాఖరుకే వాడిపోయాయి, ఇప్పుడు కొన్నే మిగిలాయి. నాలుగడుగుల మేర గడ్డి చెక్కినవి అన్నిటికంటే బాగున్నాయి, ఆకులు పెద్దవి, రంగు చిక్కన. పొద పక్కనవి పొట్టిగా ఉన్నాయి, రెండు మూడు ఆకులే, కానీ ఎక్కువ భాగం పచ్చగానే ఉన్నాయి, వాటికి మేం ఒక్కపూట పని కూడా చేయలేదు. గడ్డి చెక్కాలంటే వానాకాలమంతా మళ్లీ మళ్లీ వెళ్లాలి, కనీసం రెండేళ్లు వరసగా. ఇన్ని ఎకరాల్లో అది చేయడం వాలంటీర్ల వల్ల అయ్యే పని కాదు. పొద ఆ పని ఊరికే చేసిపెడుతోంది.

ఆకు ఎండిపోయిన మొలకని చచ్చిపోయినవాటిలో రాయకూడదు. గోటితో మొదట్లో కొద్దిగా గీరి చూస్తే లోపల పచ్చగా ఉన్నవి ఉన్నాయి. బ్లూ ఓక్ మొలక ఆకులు వదిలేసి, వేరులో దాచుకున్న బలంతో వచ్చే మార్చికి మళ్లీ చిగురించగలదు. కాబట్టి ఈ ఏడాది లెక్క ఏప్రిల్ దాకా పెన్సిల్‌తోనే ఉంటుంది.

సెప్టెంబరు, ముందు పని

ఈసారి చెట్ల మీద కాయలు లేవు. పోయిన ఏడాది కాసిన చెట్లే ఇవి. బ్లూ ఓక్ కాయని ఫ్రిజ్‌లో ఏడాది దాటి దాచలేం, పాతవన్నీ మొలకెత్తిపోయాయి. అంటే ఈ శీతాకాలం కొత్తగా నాటేది లేదు. ఆ సమయం టేపుకి పెడతాం. పొదల అంచున, పొదల మధ్య ఖాళీలో, పెద్ద ఓక్ కొమ్మల కింద విడివిడిగా కొలవాలి. పెద్ద చెట్టు కింద రాలిన ఆకులతో మట్టి సారవంతంగా ఉంటుంది, గడ్డి కూడా అక్కడ ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది, మొలకలకి అది మేలో కీడో మా అంకెల్లో ఇంకా తేలలేదు.

బయట గడ్డి చెక్కిన వలయాల్లో నవంబరు వానలకి ముందే కొత్త చెక్కపొట్టు పరవాలి. జాలీ గొట్టాలకి పైమూత తగిలే ఎత్తుకి వచ్చినవాటికి నాలుగడుగుల గొట్టాలు మార్చాలి, పక్షులు లోపల పడకుండా పైన వల కట్టాలి. ఎల్లో స్టార్‌థిసిల్ పడమటి కంచె వెంట దూరింది. దాని వేరు లోతుకి పోయి ఎండాకాలపు తడిని కూడా తాగేస్తుంది, గింజ పడకముందే పీకేయాలి, కొంతమంది శనివారం వస్తామన్నారు. మోకాలెత్తు దాటిన ఓక్ ఉన్న ప్రతి బక్‌బ్రష్ పొదకీ నీలం రిబ్బన్ కడుతున్నాం, వచ్చే ఏప్రిల్‌లో కోత యంత్రం వచ్చేవాళ్లు ఎవరైనా సరే రిబ్బన్ చూసి పక్కకి తిప్పేలా. ఇంకా తూర్పు సగం కట్టాల్సి ఉంది.